హెల్మెట్ లోపల 20 మిల్లీమీటర్లు

"ముందు భాగం పైకి లేచే హెల్మెట్ కొందామనుకుంటున్నాను. లోపల సన్ వైజర్ ఉండాలి, ఇంటర్‌కామ్ పెట్టుకునే వీలుండాలి. ఏది చూసి కొనమంటారు?" అని ఒక పాఠకుడు అడిగారు. ఆయనకు కళ్లద్దాలు కూడా ఉన్నాయట. కంపెనీల పేర్ల జోలికి నేను పోను. ఆ మూడు కోరికలూ వరసగా చదివేసరికి నా మనసు ఒక్క విషయం మీదికే పోయింది. పైకి లేచే కీలు, జారే నల్లద్దం, చెవి దగ్గర స్పీకర్లు, మూడింటికీ కావలసింది ఒకే చోటు. ఆ చోట అప్పటికే థర్మాకోల్ ఉంది.

హెల్మెట్ కొనేటప్పుడు చాలామంది పైడిప్పను వేలి కణుపుతో కొట్టి చూస్తారు. టంగున మోగితే గట్టిదని నమ్ముతారు. ఈ నమ్మకం ఎంత పాతుకుపోయిందంటే, లోపలి థర్మాకోల్‌ని ప్యాకింగ్ సామానులా చూస్తారు. డిప్ప అవసరమే: మొనదేలిన రాయిని లోపలికి రానివ్వదు, దెబ్బను నలుపక్కలా పంచుతుంది, రోడ్డు మీద జారుతుంది. కానీ తలను ఆపే పని థర్మాకోల్‌దే. దెబ్బ శక్తిని నలిగిపోయే పొరతో పీల్చుకునే హెల్మెట్‌కి చార్లెస్ లొంబార్డ్ బృందం 1953లో అమెరికాలో పేటెంట్ పొందింది. ఇప్పటికీ అసలు సూత్రం అదే.

క్యాచ్ పట్టేవాడు చేతులు వెనక్కి లాక్కుంటాడని బళ్లో అందరం చదువుకున్నాం. ఎన్ని సెంటీమీటర్లు వెనక్కి లాగాలని మాత్రం ఏ పాఠమూ అడగదు. అడిగితే ఆ పాఠం పిల్లలకు జీవితాంతం గుర్తుండేదని నా గట్టి అభిప్రాయం. ఇక్కడ అడుగుదాం.

ఐక్యరాజ్యసమితి ఈసీఈ 22 ప్రమాణంలోని ముఖ్యమైన పరీక్ష ఇది. లోహపు తలబొమ్మకు హెల్మెట్ తొడిగి, సెకనుకు 7.5 మీటర్ల వేగంతో ఉక్కు దిమ్మెకు కొడతారు. అంటే గంటకు 27 కిలోమీటర్లు. "నా బండి 80లో పోతుంది, ఈ 27 ఏం సరిపోతుంది?" అని టెన్షన్ పడక్కర్లేదు. పడినప్పుడు తల నేలను తాకేది ఎక్కువగా పైనుంచి కిందికి వచ్చే వేగంతో. మీటరున్నర ఎత్తు నుంచి పడితే అది సెకనుకు 5.4 మీటర్లే. ముందుకు పోయే వేగంలో చాలా భాగం జారుడులో ఖర్చవుతుంది. ఎదురుగా గోడో స్తంభమో ఉంటే మాత్రం ఈ లెక్క వర్తించదు.

ఇప్పుడు ఆ 7.5 మీటర్ల వేగాన్ని సున్నా చేయాలి. వేగం వర్గాన్ని, ఆగడానికి దొరికిన దూరానికి రెట్టింపుతో భాగిస్తే రుణ త్వరణం, అంటే వేగం తగ్గే జోరు, వస్తుంది. తల 2 మిల్లీమీటర్లలో ఆగిపోతే అది గురుత్వ త్వరణానికి 1,400 రెట్లు దాటుతుంది. 10 మిల్లీమీటర్లు దొరికితే 287 రెట్లు. 20 దొరికితే 143 రెట్లు. పరీక్షలో దాటకూడని హద్దు 275. అంటే పాసయ్యేదీ ఫెయిలయ్యేదీ ఒక వేలి మందంలో తేలిపోతుంది. థర్మాకోల్ ఒకే బలంతో నలగదు కాబట్టి అసలు అంకెలు కొంత మారతాయి, కానీ దారి ఇదే.

ఇంకో చిక్కుంది. థర్మాకోల్ తన మందంలో దాదాపు మూడింట రెండు వంతులే నలుగుతుంది. ఆ తర్వాత గుళ్లలో గాలికి చోటుండదు, మొత్తం గట్టి ప్లాస్టిక్ ముద్దలా ఎదురు తిరుగుతుంది. కాబట్టి 30 మిల్లీమీటర్ల పొరలో పనికొచ్చేవి 20. సన్ వైజర్ లోపలికి జారడానికి డిప్పకూ థర్మాకోల్‌కూ మధ్య సందు కావాలి. ఆ సందు కోసం నుదుటి దగ్గర 6 మిల్లీమీటర్లు చెక్కేశారనుకోండి. మిగిలింది 24, నలిగేది 16, రుణ త్వరణం 143 నుంచి 179 రెట్లకు ఎక్కింది. మంచి తయారీదారు థర్మాకోల్‌ని ముట్టుకోకుండా డిప్పనే పెద్దది చేస్తాడు. అప్పుడు బరువు పెరుగుతుంది, మెడ మోయాలి. సన్ వైజర్ ఉన్న హెల్మెట్ చిన్నగా, నాజూగ్గా కనిపిస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది.

పాత హెల్మెట్ ఒకదాన్ని రంపంతో నిలువుగా రెండు ముక్కలు కోసి చూశాను. మాడు దగ్గర థర్మాకోల్ బొటనవేలంత మందం. నుదుటికి వచ్చేసరికి నల్లద్దం దూరే అర, దాని వెనక చిటికెన వేలంత కూడా లేని తెల్ల పొర. బయటి నుంచి చూస్తే రెండు చోట్లా ఒకే మెరుపు! కొట్లో రంపం పట్టుకోలేం గానీ, లోపలి గుడ్డ ఊడదీసి చూపించమని అడగొచ్చు. నల్లద్దం దించి, అది వచ్చే సందులోంచి నుదుటి పొర అంచు చూడొచ్చు.

కీలు సంగతికొద్దాం. జర్మనీలోని హనోవర్‌లో డీట్మార్ ఓటె చేసిన ప్రమాదాల అధ్యయనంలో, హెల్మెట్‌కి తగిలిన దెబ్బల్లో మూడో వంతు వరకూ గడ్డం వైపే పడ్డాయి. పైకి లేచే భాగం సరిగ్గా అక్కడే ఉంటుంది. అందుకే పట్టీకి కుట్టిన లేబుల్ చదవాలి. 'పి' అని ఉంటే, మూసినప్పుడు గడ్డాన్ని కాపాడుతుందని పరీక్షలో తేలింది. 'జె' అంటే ఓపెన్ ఫేస్ హెల్మెట్‌గా పాసైంది. రెండూ కలిపి 'పి/జె' ఉంటేనే ఎత్తి పెట్టుకుని నడపొచ్చు. 'ఎన్‌పి' ఉంటే ఆ పైకి లేచే మూతి భాగం గడ్డానికి రక్షణ ఇవ్వదని వాళ్లే రాసిచ్చినట్టు. మూసేటప్పుడు రెండు వైపులా లాక్ ఒకేసారి 'టక్' మనాలి. తర్వాత బటన్ నొక్కకుండా రెండు చేతులతో గట్టిగా పైకి లాగి చూడండి.

2021లో అమల్లోకి వచ్చిన 22.06 సవరణలో, వాలు పలకకు తగిలినప్పుడు తల ఎంత జోరుగా మెలి తిరుగుతుందో కొలవడం కొత్తగా చేరింది. లేబుల్ మీద ఆమోద సంఖ్య 06తో మొదలయ్యేదే తీసుకోండి.

ఇంటర్‌కామ్ విషయంలో బ్లూటూత్ వెర్షన్ల కంటే స్పీకర్ గుంటే ముఖ్యం. నాకు తెలిసిన ఒకాయన స్పీకర్ చెవికి ఒత్తుకుంటోందని చెంచాతో థర్మాకోల్ గీకేశారు. తెల్ల గుళ్లు ఒళ్లంతా రాలాయి. ఆ గీకిన చోటు కణతకు ఆనుకుని ఉంది. పుర్రెలో ఎముక బాగా పలచగా ఉండే చోట్లలో అదొకటి. గుంట ఫ్యాక్టరీలోనే అచ్చుపోసి ఉండాలి, దానికి సరిపోయే స్పీకర్నే కొనాలి. స్పీకర్ చెవి రంధ్రానికి ఎదురుగా లేకుండా ఒక సెంటీమీటరు పక్కకి జరిగినా మాట తేలిపోతుంది. గాలి హోరు దాదాపు వేగం ఆరో ఘాతంతో పెరుగుతుంది: 60 నుంచి 120కి వెళ్తే 18 డెసిబెల్స్ ఎక్కువ. వాల్యూమ్ పెంచుకుంటూ పోతే చెవులు పోతాయి. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే హోరూ మాటా రెండూ తగ్గుతాయి, చెవికి ఊపిరాడినట్టయి మాటే స్పష్టంగా తెలుస్తుంది.

నల్లద్దం కనీసం 20 శాతం వెలుతురు లోపలికి రానివ్వాలని ప్రమాణం చెబుతుంది. సొరంగంలోకి దూరినప్పుడు కన్ను చీకటికి అలవాటు పడడానికి నిమిషాలు పడుతుంది. కాబట్టి గ్లవ్స్ వేసుకున్న వేలికి మీట వెతక్కుండా అందాలి.

ఆ పాఠకుడు కళ్లద్దాలతోనే, స్పీకర్లు పెట్టించుకుని, మూతి మూసి, నల్లద్దం దించి అరగంట కూర్చోవాలి. చెంపలు నొక్కుకున్నట్టుండాలి. నుదుటి మీద ఒకే చోట నొప్పి పుట్టకూడదు. తల అటూ ఇటూ విదిలిస్తే హెల్మెట్ తలతోనే తిరగాలి. తలకూ పొరకూ మధ్య ఖాళీ ఉంటే, తల ఆ కాస్త దూరం అడ్డు లేకుండా పోయి పొరకు గుద్దుకుంటుంది. కష్టపడి కాపాడుకున్న మిల్లీమీటర్లు అక్కడ ఒక్కటీ పనికిరావు.

ఒకసారి నలిగిన థర్మాకోల్ మళ్లీ లేవదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ లోపలి గుడ్డ తీసి, టార్చి ఏటవాలుగా వేసి చూస్తే, గుండ్రటి గుళ్లు చదునైపోయి నున్నగా మెరిసే మచ్చ ఒక్కోసారి కనిపిస్తుంది. తల ఆగింది అక్కడే.