"మొక్కకి ఎంతండి?": మడ అడవుల చందాలపై అపోహలు, వాస్తవాలు

జూలై 26, మడ అడవుల దినోత్సవం దగ్గరపడిందంటే కాకినాడ, అమలాపురం కాలేజీల పిల్లల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: "సార్, మొక్కకి ఎంతండి? వెయ్యి మొక్కలకు చందాలు పోగేశాం." వాళ్ల ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తుంది. లెక్క మాత్రం మొదట్లోనే తప్పుతోంది.

అపోహ: ఎన్ని మొక్కలు నాటితే అంత అడవి.

నేను చూసినంతలో పిల్లల చందా డబ్బు ఎక్కువగా పోయింది ఈ నమ్మకం వల్లే. మడ చెట్టు బతకాలంటే పోటు నీరు వచ్చి పోతుండాలి. కోరింగ వైపు చెట్టూ చేమా లేని తెల్లటి బీడు కనబడగానే "ఖాళీగా ఉంది కదా, నాటేద్దాం" అంటారు. ఎందుకు ఖాళీగా ఉందో ఎవరూ అడగరు. ఒకప్పుడు చెట్లన్నీ నరికేసిన చోట నేల కుంగి పళ్లెంలా తయారవుతుంది. పెద్ద పోటుకి ఎక్కిన నీరు పాటుకి దిగదు. అక్కడే ఎండి ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పుకి తెల్లమడ కూడా తట్టుకోలేదు.

నేనూ ఈ తప్పు చేశాను. చాలా ఏళ్ల క్రితం, అనుమతి తీసుకుని, అరవై మంది విద్యార్థులతో అలాంటి చోటే నాటించాను. పడవ నడిపిన పెద్దాయన "ఇక్కడికి పోటెక్కదు బాబూ" అన్నాడు. వినలేదు. ఏప్రిల్‌లో వెళ్తే ఎండుపుల్లలు, మొదళ్ల చుట్టూ ఉప్పు పెచ్చులు. ఒక పుల్లకి ఓ అమ్మాయి కట్టిన పేరు చీటీ ఇంకా వేలాడుతోంది. గాలికి పోకుండా రెండు ముళ్లు వేసి కట్టింది. ఆ పిల్లకి ఏం చెప్పాలో తోచక వారం రోజులు ఫోన్ చేయలేదు.

అలాంటి చోట ముందు కాలువ తవ్వాలి. ఏటి నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు, చేప ముల్లులాగా. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్, అటవీశాఖ, ఊరివాళ్లు కలిసి గోదావరి, కృష్ణా డెల్టాల్లో చేసి చూపించిన పద్ధతి ఇది. నీరు ఆడితే ఉప్పు తగ్గుతుంది. అప్పుడు కాలువ వాలులో, పోటు తడిపే ఎత్తున మొక్క పెట్టాలి. పూడిక తీస్తూ ఉండాలి. చందా కావలసింది ఈ కూలికి. "కాలువకి ఎవరిస్తారు సార్, ఫోటోలో మొక్క పడాలి కదా" అంటారు. అడిగి చూడండి. కాలువ పూడితే చేను ఏమవుతుందో గోదావరి జిల్లాల వాళ్లకి వేరే చెప్పాలా?

అపోహ: పిల్లలు చందాలు అడిగితే కేసవుతుంది.

ఆ మధ్య ఒక తల్లి ఏడుస్తూ ఫోన్ చేసింది. కూతురు వాళ్ల నాన్న క్యూఆర్ కోడ్‌ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిందట. డబ్బులు పడ్డాయి. ఇన్‌కం టాక్స్ వాళ్లు వస్తారని ఎవరో భయపెట్టారు. టెన్షన్ పడకండమ్మా. మంచి పనికి చందా అడగడం నేరం కాదు. ఇచ్చినవాళ్ల పేర్లు రాసి, మొత్తం రిజిస్టర్డ్ సంస్థ ఖాతాకి పంపి, రసీదు గ్రూపులో పెట్టమన్నాను. ఇకపై సంస్థ కోడే వాడండి. ఇచ్చిన చందాకి ఆదాయపన్ను మినహాయింపు అడిగే దాతలు 2,000 రూపాయలు దాటితే నగదు ఇవ్వకూడదు. అమెరికా మావయ్య పంపుతానంటే ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాలి.

మిగతా అపోహలు. మడ అడవి దోమల దిబ్బ అనేవాళ్లు తినే రొయ్య, పీత పిల్లలుగా పెరిగేది ఆ వేళ్ల మధ్యే. అడవంటే అమెజానే కాదు, 235 చదరపు కిలోమీటర్ల కోరింగ మన పక్కనే ఉంది. అది అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా లోపల నాటకూడదు.

ఈసారి నాటడానికి కాదు, వచ్చే అమావాస్య పోటు ఎంతవరకు ఎక్కుతుందో కర్రలు పాతి గుర్తు పెట్టడానికి పదిమంది కావాలి. చెప్పులు చాలవు, బూట్లు వేసుకు రండి, బురదలోంచి పైకి పొడుచుకొచ్చే శ్వాస వేళ్లు గుచ్చుకుంటాయి. పడవ ఆ పెద్దాయన కొడుకుది.