నలుగురి బలం నాలుగు కాదు, పదహారు

"సార్, మా నలుగురి గురీ బాగానే ఉంటుంది. విడివిడిగా కిల్స్ కూడా వస్తాయి. స్క్వాడ్‌గా దిగితే మాత్రం పది నిమిషాలైనా నిలబడం. ఎందుకంటారు?" పర్లాకిమిడిలో ప్లస్ టూ చదివే ఒక కుర్రాడి ప్రశ్న ఇది. సాయంత్రం ట్యూషన్ అయ్యాక వాళ్లంతా కలిసి ఫోన్లలో బీజీఎంఐ ఆడతారట. జట్లుగా దిగి, ఒకరినొకరు కాల్చుకుంటూ, చివరిదాకా మిగిలినవాళ్లు గెలిచే ఆట అది. స్క్వాడ్ అంటే నలుగురి జట్టు.

ఏ తుపాకీకి ఏ స్కోప్ పెట్టాలి, ఎక్కడ దిగితే మంచి లూట్ (ఏరుకునే తుపాకులు, సామాన్లు) దొరుకుతుంది వంటివి యూట్యూబ్ నిండా ఉన్నాయి. వాటి జోలికి నేను పోను. ఈ కుర్రాడి ప్రశ్నకు అసలు జవాబు 1914లోనే అచ్చయింది. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజనీరు బ్రిటన్‌లో మొదటితరం మోటారు కార్లు తయారుచేసినవారిలో ఒకరు. రాబోయే కాలంలో విమానాలు ఎలా పోట్లాడుకుంటాయో రాస్తూ ఆయన ఒక చిన్న లెక్క వేశారు. నాకు ఎన్నిసార్లు చూసినా ముచ్చటేసే లెక్క అది.

అటు ఇద్దరు, ఇటు ఒక్కడు ఉన్నారనుకోండి. అందరి గురీ సమానమే. ఇద్దరు కాలుస్తున్నారు కాబట్టి ఒంటరివాడికి రెట్టింపు దెబ్బలు తగులుతాయి. ఇంతవరకూ అందరికీ తెలుసు. చాలామంది చూడనిది ఇంకొకటుంది. ఒంటరివాడు కాల్చే తూటాలు అవతల ఇద్దరి మధ్య పంచుకుపోతాయి, అంటే ఒక్కొక్కరికి తగిలేది సగమే. రెట్టింపు కొట్టడం, సగం తినడం. రెండు రెళ్లు నాలుగు. అందుకే జట్టు బలం సంఖ్యతో పాటు పెరగదు, సంఖ్య వర్గంతో పెరుగుతుంది.

గణితం ఇష్టమున్నవాళ్లకు ఇంకో నాలుగు మాటలు. మన సంఖ్య తగ్గే వేగం వాళ్ల సంఖ్యకు అనులోమానుపాతంలో ఉంటుంది, వాళ్లది తగ్గే వేగం మన సంఖ్యకు. ఈ రెండు అవకలన సమీకరణాల్లో ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే కాలం ఎగిరిపోతుంది. సమాకలనం చేస్తే మిగిలేది ఇది: (మన నైపుణ్యం × మన సంఖ్య వర్గం) − (వాళ్ల నైపుణ్యం × వాళ్ల సంఖ్య వర్గం) = స్థిరాంకం. ప్లస్ టూ లెక్కల పుస్తకంలో అవకలన సమీకరణాల పాఠం ఉంది. మార్కుల కోసం బట్టీ పట్టిస్తారే గానీ, వద్దన్నా మానని ఆటలోనే ఆ పాఠం దాక్కుని ఉందని ఎవరూ చెప్పరు.

ఇప్పుడు పర్లాకిమిడి స్క్వాడ్ సంగతి చూద్దాం. అవతల నలుగురు ఒక్కచోట ఉన్నారు, బలం 16. మనవాళ్లలో ఒకడు లూట్ చేస్తున్నాడు, ఇంకొకడు బండి కోసం వెళ్లాడు, మూడోవాడు తుపాకీ చప్పుడు విని ఒక్కడే రష్ కొట్టాడు, అంటే మీదికి దూసుకెళ్లాడు. వాడు పోయాక ఇంకొకడు, ఆ తర్వాత మిగతావాళ్లు, ఒక్కొక్కరుగా వెళ్లారు. ఒక్కొక్కరి బలం ఒకటి. 16లోంచి నాలుగుసార్లు ఒకటి తీసేస్తే 12. దాని వర్గమూలం సుమారు 3.46. అంటే మనం నలుగురం పోతే వాళ్లు పోగొట్టుకున్నది అర మనిషి! ఆటలో అర మనిషంటే ఎవడో ఒకడి హెల్త్ సగానికి పడిపోవడం. ఫస్ట్ ఎయిడ్ వాడితే 75 శాతం దాకా మళ్లీ నిండుతుంది. ఇద్దరిద్దరుగా వెళ్లి ఉంటే? 16 − 4 − 4 = 8, వర్గమూలం 2.83. ఒక మనిషికి పైగానే నష్టపెట్టాం. నలుగురూ ఒకేసారి తగిలితే సరికి సరి. అవే చేతులు, అవే ఫోన్లు, అవే తుపాకులు.

ఈ కుర్రాళ్లలో కొందరికి లక్కీ జెర్సీలున్నాయి. ఫలానా డ్రెస్ వేస్తేనే చికెన్ డిన్నర్ (ఆటలో గెలుపు) వస్తుందట. పైన రాసిన సమీకరణంలో జెర్సీకి చోటెక్కడుందో నాకు కనిపించలేదు.

అలాగని నలుగురూ ఒకే చెట్టు వెనక గుమిగూడితే ఒక్క గ్రెనేడ్ చాలు. నిలబడేది ఎడంగా, కాల్చేది ఒకే మనిషిని. ఇదెందుకో కూడా లెక్క ఉంది. నలుగురితో నలుగురు తలపడినప్పుడు ఎవడి శత్రువును వాడు చూసుకుంటే, అవతలి నాలుగు తుపాకులూ చివరిదాకా పేలుతూనే ఉంటాయి. నలుగురూ ఒక్కణ్నే కాలిస్తే ఒక తుపాకీ తొందరగా ఆగుతుంది, కాసేపటికి రెండోది. మొదటి పద్ధతిలో మనం తినే దెబ్బలు 4 వంతులైతే, రెండో పద్ధతిలో (4 + 3 + 2 + 1) ÷ 4 = 2.5 వంతులే. కానీ ఒక్కణ్నే కాల్చాలంటే ఎవణ్నో చెప్పగలగాలి. "ఒరే, అక్కడున్నాడ్రా, అక్కడే!" అని అరిస్తే ముగ్గురు మూడు వైపులు తిరుగుతారు. తెర పైభాగంలో దిక్సూచి ఉంటుంది, దాని మీది అంకె చెప్పండి: "240, రాయి వెనక, ఒక్కడే." తెలుగు, ఒడియా, హిందీ కలగలిపి మాట్లాడే స్క్వాడ్‌లో కూడా అంకె తడబడదు.

సంఖ్యకు వర్గం ఉంది, నైపుణ్యానికి లేదు. గమనించారా? ఒక్కడే వెళ్లి నలుగురిని కొట్టాలంటే వాడు 16 రెట్లు మెరుగ్గా ఉండాలి. రెండు రెట్లు మెరుగైన ఆటగాడే అరుదు. సిగ్నల్ సంగతీ ఈ నైపుణ్యం ఖాతాలోకే వస్తుంది. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కి.మీ. పోతుంది. 1000 కి.మీ. దూరంలోని సర్వర్‌కు వెళ్లి రావడానికి 10 మిల్లీసెకన్లే పట్టాలి. ఫోన్‌లో పింగ్ (ఇలా వెళ్లి రావడానికి పట్టే సమయం) 120 మిల్లీసెకన్లు చూపిస్తోందంటే, మిగతాది ఎక్కువగా టవర్ రద్దీలోనూ మధ్య మలుపుల్లోనూ పోయిందన్నమాట. గోడ మూల దగ్గర కదలకుండా కాచుకున్నవాడికి, బయటకు దూకినవాడు ఆ ఆలస్యంతోనే కనిపిస్తాడు. గుణుపురం కొండల పక్కన కూర్చుని ఆడేవాడికి ఇది నిజమైన నష్టమే. అయినా దాన్ని పూడ్చుకోవడానికి కొత్త ఫోన్ కంటే పక్కన ఇంకో తుపాకీ ఉండటం ఎక్కువ పనిచేస్తుంది.

మరి తక్కువమంది ఉన్నప్పుడు? లాంచెస్టర్ ఇక్కడ బ్రిటిష్ నౌకాదళ అడ్మిరల్ నెల్సన్‌ను ఉదాహరణగా తీసుకున్నారు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధానికి ముందు నెల్సన్ వేసిన పథకంలో తనవి 40 నౌకలు, శత్రువువి 46. ఎదురెదురుగా నిలిస్తే 1600కు 2116, ఓటమే. అందుకని శత్రువు వరుసను మధ్యలో తెంచి, వెనక సగంలోని 23 నౌకల మీదికి 32 పంపి, ముందు సగాన్ని 8 నౌకలతో ఆపాలనుకున్నాడు. 32, 8 వర్గాల మొత్తం 1088. 23, 23 వర్గాల మొత్తం 1058. ఎక్కువమంది ఉన్న వైపే బలహీనమైపోయింది!

ఆటలో నౌకలకు బదులు తలుపులు, మెట్లు, స్మోక్ (పొగ తెర) ఉన్నాయి. కిక్కిరిసిన పాతపట్నం బస్సు ఎక్కేటప్పుడు కింద ఎంతమంది ఉన్నా తలుపులోంచి దూరేది ఒక్కడే. మేడ మెట్ల మీద కాచుకున్నవాడి ముందు నలుగురి స్క్వాడ్ పరిస్థితీ అదే. అక్కడ వర్గం ఎగిరిపోయి మామూలు సంఖ్య మిగులుతుంది. నలుగురు నాలుగే, పదహారు కారు.

ఇదంతా సగటు లెక్క. నలుగురి ఆటలో అదృష్టం పాలు ఎక్కువే, ఒక్క హెడ్‌షాట్‌తో తారుమారవుతుంది. వంద మ్యాచ్‌లు ఆడితే సమీకరణం బయటపడుతుంది.

ఆట చివర్లో కుంచించుకుపోయిన చివరి జోన్‌లో నువ్వొక్కడివే మిగిలి, అవతల ఇద్దరున్నారనుకో. ఇద్దరికీ ఒకేసారి కనిపిస్తే నాలుగు రెట్లు మెరుగ్గా ఉండాలి. మధ్యలో గోడో స్మోకో అడ్డుపెట్టి ఒకడి తర్వాత ఒకణ్ని ఎదుర్కొంటే, ఒకటి ప్లస్ ఒకటి, రెండు రెట్లు చాలు. మొదటివాడు పడ్డాక కవర్‌లో ఫస్ట్ ఎయిడ్ వాడుకునే టైం దొరికితే అంత కూడా అక్కర్లేదు.