దివిసీమలో చంపింది గాలి కాదు, నీళ్లు

ఇప్పుడు బంగాళాఖాతంలో తుఫాను అనగానే ఫోన్లు మోగిపోతాయి, తీరంలో ఊళ్లు ఖాళీ చేయిస్తారు, వేటకెళ్లొద్దని మైకుల్లో చెప్తారు. ఇదంతా ఎక్కడ మొదలైందో తెలియాలంటే కృష్ణా తీరంలోని దివిసీమని ఉప్పెన ముంచెత్తిన 1977 నవంబర్ 19కి వెళ్లాలి. దివిసీమలో పెద్దవాళ్లు ఇప్పటికీ పిల్లల వయసు కూడా ఉప్పెనకి ముందా తర్వాతా అనే లెక్కలోనే చెప్తారు.

శనివారం, వరి కోతల టైము. వారం ముందే ఇంకో తుఫాను నాగపట్నం దగ్గర తీరం దాటింది. ఇదీ వస్తోందని రేడియోలో చెప్పారు గానీ తుఫానంటే జనానికి తెలిసింది గాలీవానా, అది వాళ్లకి కొత్త కాదు, తలుపులేసుకుని ఇంట్లో కూర్చుంటే తెల్లారేసరికి పోతుందనుకున్నారు, కానీ ఆ రోజు వచ్చింది సముద్రం. ఈదురుగాలి నీళ్లని ఒడ్డు వైపు నెట్టుకుంటూ వస్తుంది, అక్కడ లోతు తక్కువ కాబట్టి అవి పోయే దారిలేక పైకి లేస్తాయి, ఇక కృష్ణా నది సముద్రంలో కలిసే చోట నేల బల్లపరుపు, అడ్డే లేదు. 5 మీటర్ల పైన లేచిన నీళ్లు కిలోమీటర్ల కొద్దీ లోపలికొచ్చేశాయి. సొర్లగొంది లాంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. బతికినవాళ్లలో చాలామంది తాటిచెట్లు పట్టుకునో తుమ్మకంపల్లో చిక్కుకునో బతికారు, ఒళ్లంతా ముళ్లే. సర్కారు లెక్కల్లోనే పోయినవాళ్లు దాదాపు పదివేలు, అంతకన్నా చాలా ఎక్కువని అక్కడివాళ్లంటారు. పులిగడ్డ దగ్గర వాళ్ల గుర్తుగా స్తూపం ఉంది.

ఆ దెబ్బతోనే తీరం వెంబడి స్తంభాల మీద లేచిన తుఫాను షెల్టర్లు వచ్చాయి, కింద నుంచి నీళ్లు పోవాలి, పైన మనుషులు ఉండాలి, మామూలు రోజుల్లో కొన్నిట్లో బడి కూడా నడిచేది. మచిలీపట్నంలో రాడార్ పెట్టారు. 1990 మేలో అంతకన్నా పెద్ద తుఫాను మళ్లీ అదే కృష్ణా తీరాన్ని కొట్టింది, కానీ ముందే లక్షలమందిని తరలించారు, చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. నా దృష్టిలో రాడార్ కన్నా పెద్ద మార్పు ఇదే, గడప దగ్గరికొచ్చి లేవండి అని చెప్పే మనిషి ఉండటం. అది అందనిచోట ఏమవుతుందో 1996 నవంబర్ 6న కోనసీమలో చూశాం, కొబ్బరితోటలు నేలకొరిగాయి, సముద్రంలో వేటలో ఉన్నవాళ్లు ఎంతోమంది తిరిగి రాలేదు. 2014 హుద్‌హుద్ నాటికి విశాఖలో గాలి బీభత్సం చేసినా ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది.

పోర్టుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికలు 11 దాకా ఉంటాయి. ఒకటో నంబర్ అంటే ఎక్కడో దూరంగా వాయుగుండం పుట్టిందని. 8, 9, 10 వస్తే మహా ప్రమాదం. పదకొండో నంబర్ అంటే మాత్రం హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని, ఇక అక్కడి అధికారే సొంతంగా తేల్చుకోవాలని అర్థం. 1977లో ఆ రాత్రి దివిసీమ ఊళ్లన్నీ ఆ స్థితిలోనే ఉన్నాయి.