తాగకపోతే మంచివాడే: కూతురి బాధను లోకం ఎప్పుడు గుర్తించింది?

"తాగకపోతే మా నాన్నంత మంచివాడు లేడు." తాగుడుకు బానిసైన తండ్రి ఉన్న ఆడపిల్లల నోట తరచూ వినిపించే మాట ఇది. దగ్గర కూర్చోబెట్టుకుని లెక్కలు నేర్పిన నాన్న, రాత్రి అమ్మ మీద చెయ్యెత్తిన నాన్న ఒక్కరే. ఒకరిని ప్రేమించి ఇంకొకరిని అసహ్యించుకుందామంటే కుదరదు. అందుకే తలుపు తీసిన చప్పుడును బట్టి ఈ పూట వచ్చింది ఏ నాన్నో పసిగట్టడం ఆ పిల్లకు చిన్నప్పుడే అలవాటవుతుంది.

ఈ పిల్ల లోకం కంటపడడానికి చాలా కాలం పట్టింది. తాగుడును పాపంగానో, బుద్ధిలేనితనంగానో చూసే రోజుల్లో, 1849లో స్వీడన్ వైద్యుడు మాగ్నస్ హుస్ దానికి 'ఆల్కహాలిజం' అని పేరు పెట్టాడు. 1935లో అమెరికాలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు సాయపడే 'ఆల్కహాలిక్స్ అనానిమస్' సంఘాన్ని మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుతో నలిగినవాళ్లే. ఆ తర్వాత భార్యల బాధ వినిపించింది. విల్సన్ భార్య లోయిస్ చొరవతో 1951లో కుటుంబ సభ్యుల కోసం 'అల్-అనాన్' ఏర్పడింది. పిల్లల కోసం 'అలటీన్' రావడానికి 1957 దాకా ఆగాల్సి వచ్చింది.

అసలు పిల్లలనే కూర్చోబెట్టి అడిగిన తొలి ప్రయత్నాల్లో కెనడాకు చెందిన మార్గరెట్ కార్క్ చేసింది ముఖ్యమైనది. తాగే తల్లిదండ్రులున్న 115 మంది పిల్లలతో మాట్లాడి, 1969లో ఆ వివరాలు ప్రచురించింది. వాళ్లలో ఎక్కువమందిని బాధపెట్టింది తాగుడు కన్నా ఇంట్లో గొడవలు, తమను ఎవరూ పట్టించుకోకపోవడం. నాన్న తాగడం మానగానే కూతురు మామూలైపోతుందనుకునే పెద్దలు ఈ సంగతి ఇప్పటికీ మర్చిపోతుంటారు.

1980ల మొదట్లో క్లాడియా బ్లాక్ అనే థెరపిస్టు ఇలాంటి ఇళ్లలో ఎవరూ పైకి చెప్పకుండానే అమలయ్యే మూడు నియమాలను గుర్తించింది. మాట్లాడకు, నమ్మకు, ఏ భావాన్నీ అనుభవించకు. "ఇంటి గుట్టు బయటపెట్టకు" అని అమ్మ ఒక్కసారి అంటే చాలు, మొదటిది జీవితాంతం ఉండిపోతుంది. "రేపటి నుంచి మానేస్తానమ్మా, ఒట్టు" అన్న మాట పదిసార్లు విన్నాక రెండోది తానే నేర్చుకుంటుంది. మూడోదే నాకు అన్నిటికన్నా బాధాకరంగా అనిపిస్తుంది. తమ్ముడిని చూసుకుంటూ, అమ్మను ఓదారుస్తూ, మార్కులు తెచ్చుకునే ఆ పిల్లను చూసి అందరూ "ఎంత బాధ్యత గల పిల్లో" అంటారు. లోపల ఆమెకూ భయం, బాధ ఉంటాయని ఎవరికీ తట్టదు.

1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే వైద్యుల బృందం బాల్యంలో ఎదురైన కష్టాలకూ పెద్దయ్యాక వచ్చే జబ్బులకూ సంబంధం ఉందని చూపింది. తాగుడు సమస్య ఉన్న వ్యక్తితో కలిసి పెరగడాన్ని కూడా ఆ కష్టాల్లో లెక్కించారు.

1956లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తాగుడును వైద్యం అవసరమైన జబ్బుగా ఒప్పుకోవడం గొప్ప మేలు చేసింది. కానీ కూతురికి అదే కొత్త చిక్కు తెచ్చింది. జబ్బు మనిషి మీద కోపం తెచ్చుకోవచ్చా? "నాన్నకు బాగాలేదు, నువ్వే సర్దుకోవాలి" అన్నవాళ్లు ఆమె కోపానికి చోటు లేకుండా చేశారు. నిజానికి జబ్బు నిజం, దెబ్బా నిజం. అల్-అనాన్‌లో మూడు మాటలు చెబుతారు: తాగుడుకు కారణం నువ్వు కాదు, దాన్ని అదుపు చేయలేవు, నయం చేయలేవు. నాన్న సీసాలు దాచి, పారబోసి, బతిమాలి అలసిపోయిన పిల్లకు వీటిలో మొదటి మాట వినడానికే ఏళ్లు పడుతుంది.

ఆల్కహాలిక్స్ అనానిమస్ 1939లో ప్రచురించిన, తాగుడు నుంచి బయటపడేందుకు పాటించాల్సిన 12 మెట్లలో తొమ్మిదోది, నొప్పించినవాళ్లకు చేతనైనంత వరకు నేరుగా పరిహారం చేయమంటుంది, అలా చేస్తే వాళ్లకే హాని జరిగేటప్పుడు తప్ప. తాగుడు మానిన నాన్న ఏదో ఒక రోజు ఆ మెట్టు దగ్గరికి వచ్చి కూతురి ఎదుట నిలబడతాడు. ఆ మెట్టు ఆయనది. వెంటనే క్షమించాలని ఆమెకు ఎక్కడా రాసిలేదు. "నాన్నా, నాకు ఇంకొంచెం టైం కావాలి" అనవచ్చు.