సన్మానానికి ముందు చదివే లెక్క

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం విజయవాడలో జరిగిన మా లయన్స్ క్లబ్బుల రీజియన్ సభకు మీరూ వచ్చారు. మధ్యాహ్నం దాకా ఓపికగా కూర్చున్నారు. ఇంటికి వెళ్లిన తరువాత మీలో పెద్దది నాకు ఫోను చేసి, "సేవ చేసేవాళ్లు మళ్లీ సభ పెట్టుకుని ఒకరికొకరు శాలువాలు కప్పుకోవడం ఎందుకు, ఆ డబ్బు కూడా పేదవాళ్లకే ఖర్చు పెట్టవచ్చు కదా?" అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే అడిగింది. ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటే మీకు సమాధానం సగమే అందుతుంది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరే చదువుకోండి. అర్థం కాని చోట గుర్తు పెట్టుకుని మళ్లీ అడగండి.

ముందు ఈ సంస్థ ఎలా పుట్టిందో కొంచెం తెలియాలి. 1917లో అమెరికాలోని షికాగో నగరంలో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్స్ వ్యాపారి ఉండేవాడు. ఆయన ఒక వర్తకుల సంఘంలో సభ్యుడు. ఆ సంఘం వారు భోజనాల వేళ కలుసుకుని ఒకరి వ్యాపారం ఒకరు పెంచుకునే మాటలు మాట్లాడుకునేవారు. ఇంత చురుకుదనమూ ఇంత పలుకుబడీ ఉన్నవాళ్లు వాటిని ఊరి మేలుకు వినియోగిస్తే బాగుండదా అని ఆయన తోటివారిని అడిగాడు. ఆ ఆలోచనతో ఏకమైన సంఘాలు అదే ఏడాది అక్టోబరులో డాలస్ నగరంలో తొలి మహాసభ జరుపుకున్నాయి. సభ్యుల సొంత ఆర్థిక లాభం ఏ క్లబ్బుకూ లక్ష్యం కాకూడదనే కట్టుబాటు అప్పటి నుంచీ ఉన్నది. 1925లో ఒహాయో రాష్ట్రంలో జరిగిన మహాసభకు హెలెన్ కెల్లర్ వచ్చింది. చూపూ వినికిడీ లేకుండా చదువుకున్న ఆమె గురించి మీ పాఠంలో చదివే ఉంటారు. చీకటితో జరిగే పోరాటంలో అంధుల పక్షాన నిలబడండని ఆమె ఆ సభలో కోరింది. లయన్స్ క్లబ్బు అనగానే మన ఊళ్లలో జనానికి కంటి శిబిరమే గుర్తుకు రావడానికి మూలం ఆ పిలుపే. మన దేశంలో మొదటి క్లబ్బు 1956లో బొంబాయిలో ఏర్పడింది. స్త్రీలను సభ్యులుగా చేర్చుకోవడం మాత్రం 1987లో గానీ మొదలు కాలేదు. అంతకు ముందు మీ తాతయ్య సభ్యుడిగా ఉన్న రోజుల్లో నేను ఆయన వెంట శిబిరాలకు వెళ్లి పని చేసేదాన్నే గానీ, సభలో లేచి మాట్లాడే హక్కు నాకు ఉండేది కాదు. 2018లో ఐస్‌లాండ్ దేశస్థురాలు గుడ్రున్ ఇంగ్వడోటిర్ ఈ సంస్థకు తొలి మహిళా అంతర్జాతీయ అధ్యక్షురాలయినప్పుడు నాకు కలిగిన సంతోషం మీకు ఇప్పుడు అర్థమవుతుందనుకుంటాను.

ఇక రీజియన్ సంగతి. ఒక ఊళ్లోనో ఒక పేటలోనో పనిచేసేది క్లబ్బు. నాలుగు నుంచి ఎనిమిది క్లబ్బులు కలిస్తే జోన్. జోన్లు కలిసి రీజియన్ అవుతుంది. అందులో పది నుంచి పదహారు దాకా క్లబ్బులు ఉంటాయి. రీజియన్లన్నీ కలిసి డిస్ట్రిక్ట్. దానికి గవర్నరు ఉంటారు. ఆ పదవి ఒక్క ఏడాదికే. మా సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. అంటే క్లబ్బు అధ్యక్షుడికైనా గవర్నరుకైనా పని చేయడానికి దొరికేది పన్నెండు నెలలే. ఆ పన్నెండు నెలల్లో ఒక పూట ఈ క్లబ్బులన్నీ ఒకచోట కూర్చుని తాము చేసిన పని ఒకరికొకరు చెప్పుకోవాలి. అందుకే ఈ సభ.

మీరు సభలో గంట కొట్టడం, పతాక వందనం, వేదిక మీద పూలగుత్తులు చూశారు. అవి మర్యాద కోసం జరిగేవి. నేను మీ దృష్టి మళ్లించదలచుకున్నది, పదకొండు గంటల వేళ మీరు బయటికి వెళ్లి మజ్జిగ తాగుతున్నప్పుడు లోపల జరిగిన దాని మీదికి. అప్పుడు ఒక్కొక్క క్లబ్బు అధ్యక్షుడో కార్యదర్శో లేచి తమ నివేదిక చదివారు. కంటి శిబిరం పెట్టామని చెప్పినంత మాత్రాన అది నివేదిక కాదు. ఎందరిని పరీక్షించారు, ఎందరికి శుక్లం ఉందని తేలింది, వాళ్లలో నిజంగా ఆపరేషన్ చేయించుకున్నది ఎందరు, మిగిలినవాళ్లు ఎందుకు వెనక్కి తగ్గారు అన్నది కూడా చెప్పాలి. పక్క క్లబ్బువాళ్లు వింటూ ఉంటారు. వాళ్లకూ అదే పని, అదే కష్టం తెలుసు కనుక వాళ్ల ముందు గొప్పలు చెప్పుకోవడం సాధ్యం కాదు.

ఆ రోజు ఒక చిన్న ఊరి క్లబ్బు అధ్యక్షుడు చెప్పిన మాట నా మనసులో నిలిచిపోయింది. మిరప కోతల రోజుల్లో తాము పెట్టిన శిబిరానికి జనం సరిగా రాలేదని, వచ్చి పేరు రాయించుకున్నవాళ్లు కూడా ఆపరేషన్ రోజున బస్సు ఎక్కలేదని ఆయన దాచుకోకుండా చెప్పాడు. కోతలు జోరుగా ఉన్నప్పుడు ఇంటిల్లిపాదీ చేలో ఉంటారు. ముసలమ్మను చెయ్యి పట్టి బస్సెక్కించే మనిషి దొరకడు, ఆపరేషన్ తరువాత వారాల తరబడి వేళకు కంట్లో చుక్కలు వేసే మనిషి అసలే దొరకడు. వెంటనే ఇంకో క్లబ్బు నుంచి ఒకావిడ లేచి, దీపావళి వెళ్లగానే పరీక్షలు పెట్టుకుని సంక్రాంతికి కొద్ది రోజుల ముందు ఆపరేషన్లు చేయించండి, పండుగకు కొడుకులూ కూతుళ్లూ ఇంటికి వస్తారు గనుక చుక్కలు వేసే చెయ్యి ఒకటి ఇంట్లో ఉంటుంది అని చెప్పింది. ఆ పల్లెలో వచ్చే ఏడాది ఎందరు ముసలివాళ్లకు చూపు వస్తుందో, అందులో ఈ రెండు నిమిషాల సంభాషణకు భాగం ఉంటుంది. ఇది ఫోనులోనో వాట్సాప్‌లోనో జరగదా అని మీరు అడగవచ్చు. జరగవచ్చు. కానీ మనకు అడగాలని తోచని ప్రశ్నకు జవాబు వినబడేది ఇలా పదిమంది కూర్చున్నచోటే.

డబ్బు విషయం కూడా మీకు స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నలో అసలు ముల్లు అక్కడే ఉంది. ప్రతి క్లబ్బూ రెండు ఖాతాలు నడపాలి. సభ్యులు కట్టే చందా ఒక ఖాతాలోకి పోతుంది. క్లబ్బు నడవడానికి అయ్యే ఖర్చంతా అందులోంచే తీయాలి. ప్రజల దగ్గర సేవ పేరు చెప్పి సేకరించిన డబ్బు రెండో ఖాతాలో ఉంటుంది. అది మళ్లీ ప్రజలకే చేరాలి. అందులోంచి మా కాఫీకి కూడా ఒక్క రూపాయి వాడడానికి వీల్లేదు. ఆ ఆదివారం మీరు తిన్న భోజనానికి నేను ప్రతినిధి రుసుముతో పాటు మీ ఇద్దరికీ విడిగా డబ్బు కట్టాను. ఈ రెండు ఖాతాలను కలిపేసే సంస్థ ఎంత మంచి పని చేస్తున్నా దాన్ని నమ్మవద్దని నేను మీకు గట్టిగానే చెబుతాను. శాలువాలూ షీల్డులూ కూడా మొదటి ఖాతాలోంచే రావాలి. అయినా ఏ సంఘం సభలోనైనా శాలువాలు ఎక్కువై నివేదికలకు వేళ చాలకపోతే, అక్కడ తగ్గించవలసినవి శాలువాలే అని నా అభిప్రాయం.

ఈ సభలవల్ల ఇంకొక మేలు ఉంది. అది కష్టం వచ్చినప్పుడు గానీ తెలియదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వదలవలసి వచ్చింది. అంత వరద ఆ బ్యారేజీ ఎన్నడూ చూడలేదు. మేడల మీద చిక్కుకున్నవాళ్లకు కావలసింది ముందు మంచినీళ్లు, తరువాత పాలు, తరువాత అన్నం. మేము గుంటూరులో పులిహోర కలిపి పొట్లాలు కట్టించాం. పులిహోరే ఎందుకంటే చింతపండు పులుపువల్ల అది పూట దాటినా పాడు కాదు. పొట్లాలు కట్టడం తేలికే. వాటిని వారధి దాటించి ఏ సందు మొగలో ఎవరి చేతికి అందించాలో తెలియడమే కష్టం. ముక్కూ మొహమూ తెలియనివాళ్లకు ఫోను చేసి అడిగితే ఎవరైనా రెండు మాటలు చెప్పి పెట్టేస్తారు. కిందటి రీజియన్ సభలో పక్కపక్కన కూర్చుని భోంచేసిన విజయవాడ సభ్యురాలు మాత్రం నా గొంతు గుర్తుపట్టింది. ఏ వీధిలో నీళ్లు నడుము లోతున ఉన్నాయో, ట్రాక్టరు ఎందాకా పోగలదో, ఏ వంటశాల నుంచి ఇప్పటికే అన్నం వచ్చిందో, ఎక్కడికి ఇంకా ఏదీ చేరలేదో ఒక్కొక్కటే చెప్పింది. మా పొట్లాలు వృథాగా పోకుండా ఆకలితో ఉన్నవాళ్ల చేతికే వెళ్లాయి.

ఇప్పుడు సన్మానాల మాట. మీరు చూసిన గుర్తింపులన్నీ ఒకటి కావు. కొందరి కోటు మీద మెల్విన్ జోన్స్ ఫెలో అనే పిన్ను ఉంది. అది 1968లో ఏర్పడిన మా అంతర్జాతీయ ఫౌండేషన్‌కు వెయ్యి డాలర్ల విరాళం వచ్చినప్పుడు ఇచ్చేది. ఆ విరాళం ఎవరికి వారే ఇవ్వవచ్చు, లేదా తాము గౌరవించదలచిన వారి పేరున ఇవ్వవచ్చు. ఆ నిధి కంటి ఆసుపత్రులకూ విపత్తు సహాయానికీ గ్రాంట్లుగా పోతుంది. ఇంకొందరికి షెవ్రాన్ అనే చిహ్నం ఇచ్చారు. అది పదేళ్ల సభ్యత్వం నిండితే ఒకసారి, ఆపైన ప్రతి అయిదేళ్లకూ ఒకసారి వస్తుంది. కొత్త సభ్యులను చేర్పించినవారికి వేరే ఉన్నది. ఇవన్నీ సమంజసమే. దానం, నిలకడ, సంఘం పెరుగుదల, మూడూ కావలసినవే.

అయితే నా మనసుకు దగ్గరగా ఉన్న గుర్తింపు చివర్లో ఒకావిడకు జరిగింది. ఆవిడ వేదిక ఎక్కి ఒక్క మాట కూడా మాట్లాడకుండా దిగిపోయింది గనుక మీరు గమనించి ఉండరు. ఆవిడ ఎన్నో ఏళ్లుగా మా కంటి శిబిరంలో రిజిస్టరు చూస్తుంది. శిబిరం అంటే ఏదో ఊరి బడి వరండా. అక్షరాలు రానివాళ్ల కోసం గోడకు ఒక పటం తగిలిస్తారు. గుర్తు ఎటువైపు తిరిగి ఉందో చేత్తో చూపిస్తే చాలు. తరువాత టార్చి వేసి కన్ను చూస్తారు, బీపీ, షుగరు పరీక్ష చేస్తారు, ఆపరేషన్ చేయవలసిన కంటికి పైన నుదుటి మీద గుర్తు పెడతారు. ఈ పనులన్నిటికీ డాక్టరో నర్సో ఉంటారు. ఆవిడ మాత్రం బల్ల ముందు కూర్చుని పేరు, వయసు, ఊరితో పాటు ఎవరూ అడగని రెండు సంగతులు రాసుకుంటుంది: ఇంట్లో ఎవరు ఉంటారు, ఎవరి ఫోనుకు చేస్తే పలుకుతారు. ఆపరేషన్ అయి ఇంటికి వెళ్లిన మూడో రోజున ఒక్కొక్కరికే ఫోను చేసి, చుక్కలు వేస్తున్నారా, కన్ను ఎర్రబడిందా, నొప్పి ఉందా, డాక్టరు చెప్పేదాకా తలకు పోసుకోవద్దన్న మాట గుర్తుందా అని అడుగుతుంది. ఎర్రబడిందంటే ఆ పూటే ఆసుపత్రికి రప్పిస్తుంది, ఎందుకంటే ఆపరేషన్ చేసిన కంట్లో చీము చేరితే వచ్చిన చూపు కాస్తా పోతుంది. ఇటువంటి పని ఏ ఫోటోలోనూ పడదు. ఆ ఫోను కాల్స్ జాబితాను రీజియన్ అధ్యక్షుడు నివేదికలో చూసి, ఆవిడ అడగకుండానే, ఎవరూ సిఫారసు చేయకుండానే పేరు పిలిచాడు. ఆవిడ దిగి వచ్చిన తరువాత మూడు క్లబ్బులవాళ్లు చుట్టూ చేరి, ఆ రిజిస్టరు గడులు ఎలా గీస్తావో చూపించమని అడిగి ఫోన్లలో ఫోటో తీసుకున్నారు. గుర్తింపు ఎందుకు అంటే నా జవాబు ఇదే: చేసినావిడకు సంతోషం కలగడం సరే, ఆ పని ఎలా చేయాలో మరి ముగ్గురికి తెలిసింది.

మీరు అడిగిన రెండో సంగతి, పిల్లలు ఇందులో చేరవచ్చా అని. చేరవచ్చు. పన్నెండేళ్ల నుంచి ముప్పై ఏళ్ల దాకా వయసున్న వారికి లియో క్లబ్బులు ఉన్నాయి. మొదటిది 1957లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక హైస్కూలు పిల్లలతో మొదలైంది. పెద్దదానికి వయసు సరిపోతుంది. చేరాలో వద్దో ఒక శిబిరం చూసిన తరువాత నువ్వే తేల్చుకో, తొందరేమీ లేదు. చిన్నవాడు బొమ్మలు బాగా వేస్తాడు కదా, వాడికి శాంతి పోస్టరు పోటీ ఉంది. 1988లో మొదలైన ఆ పోటీ పదకొండు, పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకే. ఏటా ఒక అంశం ఇస్తారు. కాగితం 33 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల పొడవు కంటే చిన్నది కాకూడదు, 50కి 60 దాటకూడదు. బొమ్మ మీద ఏ భాషలోనూ ఒక్క అక్షరం గానీ అంకె గానీ రాయకూడదు, చెప్పదలచినది బొమ్మతోనే చెప్పాలి. దసరా సెలవులకు వచ్చేటప్పుడు ఆ కొలతకు సరిపోయే మందపాటి డ్రాయింగు కాగితం నాలుగు షీట్లు తెచ్చుకోండి. రంగులు ఇక్కడ కొందాం.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ