ఆరుకు ఆరు, పదికి నాలుగు

చిరంజీవులు బుజ్జిగాడికీ చిన్నారికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మైకేల్ జోర్డాన్ గొప్పా, లెబ్రాన్ జేమ్స్ గొప్పా అని మీ ఇద్దరి గొడవ చూసి అమ్మమ్మ కంగారుపడింది కానీ నాకు మాత్రం భలే సరదాగా అనిపించింది. "జోర్డాన్ ఆరుసార్లు ఫైనల్స్‌కి వెళ్లి ఆరూ గెలిచాడు, లెబ్రాన్ పదిసార్లు వెళ్లి నాలుగే గెలిచాడు" అన్నాడు బుజ్జిగాడు. లెక్క కరెక్టే. చిన్నారి జవాబు తోచక ఉక్రోషంతో ఫోన్ పెట్టేసింది. ఆ జవాబు నేను రాస్తున్నాను. అలాగని నేను చిన్నారి పార్టీ అనుకోకండి, పూర్తిగా చదవండి.

సీజన్ అయ్యాక టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్‌లో ఫైనల్స్ అంటే నాలుగో మెట్టు. జోర్డాన్ 1985, 86, 87లో వరసగా మొదటి మెట్టు మీదే ఆగిపోయాడు. 88లో రెండో మెట్టు, 89, 90ల్లో మూడోది, 95లో మళ్లీ రెండోది. ఇవేవీ ఆ 'ఆరుకు ఆరు'లోకి రావు. లెబ్రాన్ మొదటి రౌండ్‌లో ఓడిపోవడం మొదటిసారి జరిగింది 2021లో, అప్పటికి అతను లీగ్‌లోకి వచ్చి పద్దెనిమిదో సీజన్. ఫైనల్స్‌దాకా వెళ్లి ఓడితే మచ్చ, మొదట్లోనే ఇంటికొస్తే లెక్కే లేదంటే ఎలా? పరీక్షకే వెళ్లనివాడు నేను ఫెయిల్ కాలేదు అన్నట్టుంటుంది.

అయితే ఆ మొదటి మెట్టు మీద ఎవరు ఎదురయ్యారో కూడా చూడాలి. 1986లో బోస్టన్ సెల్టిక్స్. ఆ సీజన్‌లో 82 ఆటల్లో 67 గెలిచిన జట్టది, సొంతూళ్లో ఒక్కటంటే ఒక్క ఆటే ఓడింది. కాలి ఎముక విరిగి సీజన్‌లో చాలా భాగం బయట కూర్చున్న జోర్డాన్ తిరిగొచ్చి, వాళ్ల గడ్డ మీదే ఒక్క ఆటలో 63 పాయింట్లు కొట్టాడు. స్కోరు సమమై ఆట రెండు ఓవర్‌టైమ్‌లదాకా వెళ్లింది. చివరికి జోర్డాన్ జట్టు చికాగో ఓడింది, ఆ మెట్టు సిరీస్ మొత్తం 3-0తో పోయింది (మొదటి మెట్టులో అప్పట్లో మూడు గెలిస్తే చాలు). ఇది జోర్డాన్ గొప్పతనం ఖాతాలో వేస్తారా, ఓటమి ఖాతాలోనా?

నా మటుకు నాకు జోర్డాన్ అంటే ఆ ఆరు ఫైనల్స్ కన్నా డెట్రాయిట్ పిస్టన్స్ మీద ఆడిన నాలుగేళ్లే గుర్తొస్తాయి. రోజుకో జట్టుతో ఆడే మామూలు సీజన్‌లో నిన్ను ఆపడానికి ఎవడూ కూర్చుని ఆలోచించడు. ప్లేఆఫ్స్‌లో అదే జట్టుతో, ఎవరో ఒకరు నాలుగు గెలిచేవరకు, ఏడు ఆటలదాకా ఆడాలి. మూడో ఆటకల్లా నీ అడుగు ఎటు పడుతుందో అవతలివాడికి కంఠతా వచ్చేస్తుంది. పిస్టన్స్ కోచ్ చక్ డేలీ ఏకంగా 'జోర్డాన్ రూల్స్' అని రాసిపెట్టుకున్నాడు. బంతి అతని చేతికి రాగానే ఇద్దరు చుట్టుముట్టాలి, బంతి వదిలించాలి. రింగ్ దగ్గరికి దూసుకొస్తే గాల్లోనే ఒంటిమీద పడిపోవాలి. 88లో 4-1, 89లో 4-2, 90లో 4-3, మూడేళ్లూ వాళ్లదే గెలుపు. అంకెలు చూడండి, ఏడాదికో ఆట చొప్పున దగ్గరవుతున్నాడు. ఆ లోపు జోర్డాన్ కండ పెంచాడు. కొత్త కోచ్ ఫిల్ జాక్సన్ చెప్పినట్టు బంతి పక్కవాళ్లకి ఇవ్వడం ఒప్పుకున్నాడు. జట్టులో తోటి ఆటగాడు పిప్పెన్ కూడా చేతికి అందొచ్చాడు. 91లో 4-0. నాలుగో ఆట పూర్తవకముందే పిస్టన్స్ పెద్ద ఆటగాళ్లు చాలామంది చేయి కూడా కలపకుండా లోపలికి నడిచి వెళ్లిపోయారు.

ఇక లెబ్రాన్. 2015 ఫైనల్స్‌లో అవతల 67 ఆటలు గెలిచిన గోల్డెన్ స్టేట్ వారియర్స్. ఇవతల లెబ్రాన్ జట్టులో కెవిన్ లవ్ గాయంతో లేడు, కైరీ ఇర్వింగ్ మొదటి ఆటతోనే సరి. లెబ్రాన్ సగటున 35.8 పాయింట్లు కొట్టినా 4-2తో ఓడాడు. చిన్నారీ, నువ్వు ఎగిరి గంతేసేముందు ఇంకో అంకె చూడు. అతను వేసిన షాట్లలో పడ్డవి 39.8 శాతమే. మోసేవాడు ఒక్కడే అయితే షాట్లు ఎక్కువే వేయాలి, గురి తప్పేవీ ఎక్కువే ఉంటాయి. జోర్డాన్ 1993లో 62 ఆటలు గెలిచిన ఫీనిక్స్ మీద సగటున 41 కొట్టాడు, కానీ అప్పుడు పక్కన పిప్పెన్ ఉన్నాడు.

2016లో వారియర్స్ 73 గెలిచారు, తొమ్మిదే ఓడారు. ఫైనల్స్‌లో మళ్లీ లెబ్రాన్ జట్టు మీద 3-1తో ముందున్నారు కూడా. ఏడో ఆట మనకి సోమవారం తెల్లవారుజామున అయిదున్నరకి. అమ్మమ్మ నిద్ర చెడుతుందని టీవీ సౌండ్ తీసేసి చూశాను. స్కోరు 89-89. మూడు నిమిషాలకు పైగా ఎవరికీ ఒక్క పాయింటూ రాలేదు. ఆ మధ్యలోనే వారియర్స్ ఆటగాడు ఇగుడాలాకి దారి దొరికింది, బంతి చేయి దాటింది. ఎక్కడో వెనకున్న లెబ్రాన్ కోర్టంతా పరుగెత్తుకొచ్చి, ఎగిరి బంతిని బోర్డుకేసి కొట్టాడు. నేను వేసిన కేకకి అమ్మమ్మ లేచి కూర్చుంది. తర్వాత ఇర్వింగ్ మూడు పాయింట్ల షాట్ వేశాడు, చివరికి లెబ్రాన్ జట్టు 93-89తో గెలిచింది. ఆ సిరీస్‌లో పాయింట్లు, రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతి పట్టడం), అసిస్టులు (పక్కవాడి షాట్‌కి బంతి అందించడం), స్టీల్స్ (బంతి లాక్కోవడం), బ్లాకులు (షాట్ అడ్డుకోవడం) అయిదింటిలోనూ రెండు జట్లకీ కలిపి లెబ్రానే ఫస్టు. కాకపోతే అయిదో ఆటకి వారియర్స్ ఆటగాడు డ్రేమండ్ గ్రీన్ మీద సస్పెన్షన్ ఉందని బుజ్జిగాడు గుర్తుచేస్తాడు. చెయ్యాలి కూడా. 2011 ఫైనల్స్‌లో డాలస్ మీద లెబ్రాన్ సగటు 17.8కి పడిపోయిన సంగతి కూడా వాడు వదలకూడదు. ఆ జట్టు అంత భయంకరమైనదేం కాదు. నా లెక్కలో ఆ ఆరు ఓటముల్లో నిజంగా అతని మెడకు చుట్టుకునేది అదొక్కటే.

మీ ఇద్దరికీ ఒక పేరు ఇస్తున్నాను, జెర్రీ వెస్ట్. లేకర్స్‌తో తొమ్మిదిసార్లు ఫైనల్స్‌కి వెళ్లి ఒక్కసారే గెలిచాడు. అందులో ఆరు ఓటములు బిల్ రస్సెల్ ఆడిన సెల్టిక్స్ చేతిలోనివే. రస్సెల్ పదమూడేళ్లలో పదకొండు టైటిళ్లు కొట్టినవాడు. 1969లో ఏడో ఆట లాస్ ఏంజిలెస్‌లో. గెలిచాక వదలడానికి పైకప్పు కింద వలల్లో బెలూన్లు కట్టి ఉంచారు. వెస్ట్ తొడ కండరం పట్టేసిన కాలితోనే 42 పాయింట్లు, 13 రీబౌండ్లు, 12 అసిస్టులు చేశాడు. రెండు పాయింట్ల తేడాతో ఓడారు. బెలూన్లు పైనే ఉండిపోయాయి. ఫైనల్స్ బెస్ట్ ప్లేయర్ అవార్డు మాత్రం వెస్ట్‌కే ఇచ్చారు. ఓడిన జట్టువాడికి ఆ అవార్డు రావడం అప్పటికీ ఇప్పటికీ అదొక్కసారే. బహుమతిగా ఒక కారు కూడా ఇచ్చారు, ఆకుపచ్చది. సెల్టిక్స్ జెర్సీ రంగు.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఈ తొమ్మిదికి ఒకటి మనిషిని ఎక్కడ కూర్చోబెడతారో చెప్పండి. చిన్నారీ, ఈసారి ఫోన్ పెట్టేయకు.

మీ తాతయ్య