తెల్లబోయిన ముఖాలు, ఎర్రబడ్డ కళ్లు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు పంపిన ఫొటోలు చూశాను. ముందు కూర్చున్నవాళ్ల ముఖాలు పాలిపోయి, వెనక నిలుచున్నవాళ్లు చీకట్లో కలిసిపోయి, కొందరి కళ్లు ఎర్రగా ఎందుకు వచ్చాయనీ, కంప్యూటర్‌లో వాటిని బాగుచేయవచ్చా అనీ అడిగారు. కొన్నింటిని బాగుచేయవచ్చు, కొన్నింటిని చేయలేం.

కెమెరాలో లెన్సు వెనక ఉండే పలక మీద లక్షలాది బుల్లి ముంతలు పేర్చి ఉన్నాయనీ, షట్టరు తెరిచినంతసేపూ వెలుగు వాటిలో నీళ్లలా పడుతుందనీ అనుకోండి. మామూలు ఫొటోలో ఖాళీ ముంతకు అంకె 0, అది నలుపు. నిండు ముంతకు 255, అది తెలుపు. నిండిన తర్వాత పడే నీళ్లు పొర్లిపోతాయి గనుక, అక్కడ బుగ్గకూ నుదుటికీ తేడా మిగలదు. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తిరిగి తేలేదు. అడుగున నాలుగు చుక్కలున్నా చాలు, ఎడిటింగ్‌లో షాడోస్ (చీకటి భాగాల వెలుగు) పెంచితే వెనకవాళ్లు కాస్త గరుకుగానైనా బయటపడతారు. అందుకే సందేహం కలిగినప్పుడు కొంచెం చీకటిగా తీయడమే మేలంటాను.

ఇక ఫ్లాష్ అంటే ఆ నీళ్లనే దోసిలితో విసరడం. దగ్గరున్నవాడు తడిసి ముద్దవుతాడు, దూరంగా ఉన్నవాడికి తుంపర కూడా అందదు. 1 మీటరు దూరంలో ఉన్నవాడికి చేరే వెలుగులో 2 మీటర్ల దూరంలో ఉన్నవాడికి నాలుగో వంతు, 3 మీటర్ల దూరంలో ఉన్నవాడికి తొమ్మిదో వంతు మాత్రమే దక్కుతుంది. కాబట్టి అందరినీ ఇంచుమించు ఒకే దూరంలో నిలబెట్టి, మీరు కాస్త వెనక్కి జరగండి. ముందువాళ్లకూ వెనకవాళ్లకూ మధ్య తేడా తగ్గుతుంది.

మా చిన్నతనంలో ఫ్లాష్ బల్బు ఒక్కసారి వెలిగితే దాని పని అయిపోయేది. బొబ్బలెక్కి, ఇంకా వేడి ఆరని ఆ గాజు బుడ్డి నాకంటే నాకని పిల్లలం కొట్టుకునేవాళ్లం. మరో బల్బు వృథా చేయడం ఇష్టంలేక ఫొటోగ్రాఫరు పొట్టివాళ్లనూ పొడుగువాళ్లనూ సర్ది, గొంతు బొంగురుపోయేదాకా అరిచి, అప్పుడు గానీ మీట నొక్కేవాడు కాదు. మీరు వరసగా పది తీసి ఒక్కటీ సరిగా చూడరు. ఆ ఓపికలో సగమైనా నేర్చుకోండి.

కిటికీకి వీపు పెట్టి కూర్చున్నవాళ్లను తీసేటప్పుడు పట్టపగలైనా ఫ్లాష్ వేయండి, ముఖం నల్లబడదు. తెల్లగోడ ముందు తీసిన ఫొటో చీకటిగా వస్తే, కెమెరాలో వెలుగును సర్దే ఎక్స్‌పోజర్ అంకెను +1కి జరపండి, ముంతల్లో పడే నీళ్లు రెట్టింపవుతాయి.

ఎర్రకళ్ల సంగతి తేలిక, ఎడిటింగ్‌లో ఒక్క నొక్కుతో పోతాయి. చీకట్లో కంటిపాప బాగా విచ్చుకుని ఉంటుంది. లెన్సు పక్కనే ఉన్న ఫ్లాష్ వెలుగు సూటిగా లోపలికి వెళ్లి, కంటి వెనక గోడలోని రక్తనాళాల ఎరుపును వెంటబెట్టుకుని కెమెరాలోకే తిరిగివస్తుంది. కొన్ని కెమెరాలు ముందుగా ఒక చిన్న మెరుపు మెరిపించేది ఆ పాపను ముడుచుకునేలా చేయడానికే. ఎంత వెలుగును లోపలికి రానివ్వాలో కంటికి ఎవరూ నేర్పకుండానే తెలియడం నాకు ఇప్పటికీ వింతే. దాన్ని నేను వర్ణించడం కంటే మీరే చూడటం మంచిది. ఈ రాత్రి గది మసకగా ఉన్నప్పుడు ఒకరు అద్దానికి దగ్గరగా నిలబడి తమ కంటిపాపనే చూస్తూ ఉండండి, ఇంకొకరు లైటు వేయండి. తర్వాత వంతులు మార్చుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య